మా పత్తి నెమరు వేసేదాకా

ఇప్పటి పిల్లలు కుక్కపిల్ల రెండుసార్లు తుమ్మితే చాలు, దాన్ని దుప్పట్లో చుట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెడుతున్నారు. చూసి నవ్వుకుంటాను, నవ్వే అర్హత నాకు బొత్తిగా లేదని తెలిసి కూడా. మా కాలంలో, అంటే ఇంకా నిజాం సర్కారు నడుస్తున్న రోజుల్లో, మా నారాయణఖేడ్‌లో పశువంటే ఎద్దు, ఆవు, బర్రె, మహా అయితే మేక. వాటికి రోగమొస్తే ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. కుందేలంటే మాత్రం కూర. కూరకు రోగమేమిటి, మందేమిటి? అటువంటి ఊళ్లో, పన్నెండేళ్ల వయసులో, నేనొక కుందేలు కోసం అబద్ధమాడాను, ఏడ్చాను, చివరికి ప్రార్థన నడుస్తుండగా అందరి ముందు నిలబడి, అరచేతిలో పెట్టుకుని చూపించకూడని వస్తువొకటి చూపించాను. తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అయినా చెబుతాను, ఎందుకంటే ఆ యుద్ధంలో గెలిచింది నేనే (అని చాలా ఏళ్లు అనుకున్నాను).

మా నాయిన మిషన్ బడిలో పంతులు. ఆ బడిని చూసుకునే దొరసానికి తెలుగు నేర్పింది ఆయనే. ఆమె తన దేశానికి వెళ్లిపోతూ ఇంట్లో సామానంతా తలా ఒకటి పంచిపెట్టింది. అయ్యగారికి, అంటే మా పాస్టరుకు, గోడ గడియారం దక్కింది. వంటామెకు ఇత్తడి గిన్నెలు దక్కాయి. మా నాయినకు కుందేలు దక్కింది. "మూడేండ్లు సదువు చెప్పినందుకు కుర్చన్న ఇస్తదనుకున్న," అని మా అమ్మ రెండు రోజులు ముఖం మాడ్చుకుంది. నాకు మాత్రం ఆ రోజు భూమ్మీద కాలు ఆనలేదు. అప్పుడే విచ్చిన పత్తికాయలా తెల్లగా ఉండేది, అందుకే పత్తి అని పేరు పెట్టాను. ఊరంతా ముచ్చట్ల పెద్దవ్వ అని పిలిచే పక్కింటి ముసలావిడ రోజూ గోడ మీదుగా తొంగిచూసి, "ఏందే, గిది ఇంక కూర గాలేదా?" అని అడిగేది. నేను పత్తి చెవులు మూసేదాన్ని, దానికి వినపడకుండా.

ఏడాది తిరిగేసరికి ఒక శనివారం, ఊళ్లో అంగడి (సంత) జరిగే రోజు, పొద్దున పత్తి మూలకు చేరింది. పిలిస్తే రాలేదు. ముల్లంగి ఆకు ముక్కు దగ్గర పెడితే తల తిప్పుకుంది. ఎత్తుకుంటే కడుపు డప్పులా బిగిసి ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాయిన పాపం వెంటనే సర్కారు పశువుల దవాఖానకు పోయాడు. అక్కడి గుమాస్తా రిజిస్టరు మొత్తం తిరగేసి, గుర్రానికి, ఎద్దుకు, బర్రెకు, గొర్రెకు ఖానాలున్నాయి గాని ఖర్గోష్‌కు, అంటే కుందేలుకు, లేదు, ఏ ఖానాలో రాయమంటావని అడిగాడట. మా నాయిన సలాం చేసి తిరిగొచ్చాడు. ఇక మిగిలింది ఒక్కరే, మా ఎడ్ల తాత.

ఎడ్ల తాత అంటే మా అమ్మ తండ్రి. సిర్గాపూర్‌లో ఒంటరిగా ఉండేవాడు. అక్కడి నుంచి కంగ్టి దాకా ఏ ఎద్దుకు ఏ జబ్బు చేసినా కబురు ఆయనకే వెళ్లేది. ఆయన వైద్యానికి రెండు నియమాలు. మందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు, తీసుకుంటే చేతిలో గుణం పోతుందని నమ్మకం. రెండోది, మందు పోసిన పశువు మళ్లీ నెమరు వేసేదాకా ఆ ఇల్లు దాటడు. ఎద్దు నెమరు వేసిందంటే బతికినట్లు, అప్పుడు తువ్వాల దులుపుకుని లేచేవాడు. ఊళ్లో వాళ్ల కొట్టాల్లో మూడేసి రోజులు పడుకునే ఈ మనిషి, సొంత కూతురింట్లో మాత్రం ఒక్క పూట ఉండేవాడు కాదు. "బిడ్డ ఇంట్ల కూసోని తింటే నలుగురు నవ్వుతరు," అనేవాడు. మా అమ్మమ్మ పోయినప్పటి నుంచి అమ్మ బతిమాలని రోజు లేదు. ఆయన అంగడికి వచ్చేవాడు, మా అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగేవాడు, సిర్గాపూర్ బండెక్కి పోయేవాడు. ఆ బండి కనుమరుగయ్యేదాకా అమ్మ గడపలోనే నిలబడేది.

ఆ రోజు నీళ్ల చెంబు కంటే ముందు నేను పత్తిని ఆయన ఒళ్లో పెట్టాను. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన చేతుల్లోకి అంత చిన్న రోగి ఎన్నడూ వచ్చి ఉండదు. 

"గిది నెమరేసే జాతేనా? నెమరేసే జాతి కాకుంటె నా చేతుల లేదు బిడ్డ," అన్నాడు.

నాకేం తెలుసు? నాయిన ముఖం వైపు చూశాను. నాయిన ఒక్క క్షణం అమ్మ ముఖం వైపు చూసి, "నెమరేసే జాతే మామ. వాక్యంలనే ఉన్నది, అయ్యగారు గూడ చెప్పిండు," అన్నాడు గట్టిగా. పంతులు మాట, పైగా బైబిలు వాక్యం. తాత తలపాగా తీసి పక్కన పెట్టాడు, అంటే వైద్యం మొదలైనట్లు.

"ఏం పెట్టినవే దీనికి?"

"గడ్డే పెట్టిన తాత."

"గడ్డి తింటె గిట్ల ఉబ్బుతదా?"

"గడ్డే తాత."

అది పచ్చి అబద్ధం. ఆదివారం ప్రార్థన తర్వాత అయ్యగారు మా ఇంట్లో భోజనానికి వస్తాడని, మొలకెత్తించి గుడాలు ఉడికించడానికి అమ్మ రెండు రోజుల ముందే శనగలు నానబోసింది. పత్తికి శనగలంటే ప్రాణం, నాకు పత్తి అంటే ప్రాణం. ఒక పిడికెడు పెట్టాను. ఆబగా తిన్నది. ఇంకో పిడికెడు పెట్టాను. మూడోది ఎందుకు పెట్టానో నాకే తెలియదు. పొద్దున శనగలు తగ్గాయని అమ్మ నాయిన మీద విరుచుకుపడింది. నాయిన కిమ్మనలేదు (ఆయన కూడా వచ్చేపోయేటప్పుడు ఒక గుప్పెడు నోట్లో వేసుకున్నాడని తర్వాత తెలిసింది). నేను అంతకంటే కిమ్మనలేదు.

తాత నిట్టూర్చాడు. "గడ్డేనంటె ఇగ గిది గాలి సోకుడే. వాత పెట్టాలె," అని అమ్మను పిలిచి కొడవలి కొన పొయ్యిలో పెట్టమన్నాడు. ఎద్దులకు వేరేవాళ్లు వాత పెట్టడం నేను చూశాను. ఎద్దంత ఎద్దు అరిచిన అరుపు విన్నాను. కొడవలి ఎర్రబడుతుంటే నా కళ్ల ముందు పత్తి తెల్లటి కడుపే కనబడింది. కొడవలి పొయ్యిలోంచి బయటికి రాకముందే నేను తాత కాళ్ల మీద పడి శనగల సంగతంతా కక్కేశాను, ఎన్ని పిడికిళ్లో లెక్కతో సహా. అమ్మ అట్లకాడ పట్టుకుని లేచింది. తాత చేయి అడ్డం పెట్టాడు.

"కూసో. ఎద్దు అబద్ధమాడదు, ఎద్దుగలోడే ఆడతడు. నలభై ఏండ్ల సంది గా కొడవలి పొయ్యిల పెట్టంగనే అందరు నిజం చెప్తరు. ఒక్కపారి గూడ వాత పెట్టే అవుసరం రాలేదు," అన్నాడు నింపాదిగా.

ఇక అసలు వైద్యం. వాము, ఇంత శొంఠి వేసి నీళ్లు కాచాడు. ఎద్దుకు వెదురుగొట్టంతో పోస్తారు. ఆ గొట్టంలో పత్తి తల మొత్తం పట్టేలా ఉంది. తాత పెరట్లో ఆముదం ఆకు తెంపి, బోలుగా ఉండే దాని కాడను కడిగి, దానితో బొట్టుబొట్టుగా పత్తి బుగ్గలోకి వదిలాడు. ఎద్దు మందులో ఎన్నో వంతు పోయాలో తెలియక వాకిలి ముందు ఆగిన అంగడి బండి ఎద్దు తోకను, కుందేలు తోకను వేళ్లతో కొలిచి లెక్క కట్టాడు. వెచ్చని గుడ్డతో కడుపు నిమిరాడు. ఆ తర్వాత ఎడ్ల వైద్యం పద్ధతిలోనే దాని మెడకు మెత్తని నూలుదారం కట్టి, "హో, హో, నడు బిడ్డ, నడు," అని గుంజ నుంచి గడప దాకా, గడప నుంచి గుంజ దాకా నడిపించాడు. అంగడి నుంచి పోయే జనం ఆగి మరీ చూశారు. ఆరడుగుల మనిషి దారం పట్టుకుని కుందేలును ఎద్దులా తోలుతుంటే ఎవరు ఆగరు? తాత ఎవరినీ పట్టించుకోలేదు.

పొద్దు గూకే వేళకు సిర్గాపూర్ బండి వచ్చి వాకిట్లో ఆగింది. తాత బండివాడికి చేయి ఊపాడు. "మందు పోసిన. నెమరేసేదాక రాను. మీరు పోండ్రి." ఆ మాట వినగానే అమ్మ వంటింట్లోకి పరుగున పోయి జొన్నరొట్టెలు మొదలుపెట్టింది. తన ఇంట్లో తన తండ్రికి రాత్రి భోజనం పెట్టడం ఆమెకు అదే మొదటిసారి. మధ్యమధ్య కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే ఏమైందని అడిగాను. "పొగ," అన్నది. 

నా ధ్యాసంతా పత్తి నోటి మీదే. ఎప్పుడు నెమరు వేస్తుందా అని కళ్లార్పకుండా చూస్తున్నాను. ముచ్చట్ల పెద్దవ్వ వచ్చి కాసేపు చూసి, "సచ్చినంక పారేసుడేనాయె. ఇప్పుడు కోస్తె రెండిండ్లకు కూరయితది," అన్నది. నేను పత్తిని కరుచుకుని ఏడ్చిన ఏడుపుకు ఆమెకే గాబరా పుట్టింది. "ఊకో బిడ్డ, ఊకో. బోరంచ పోచమ్మకు మొక్కుకుంట తియ్యి, కొబ్బరికాయ కొడత," అని అప్పటికప్పుడు చేతులు జోడించింది. అంతలో పత్తి దవడ కదిలింది. "అగో, నెమరేస్తుంది," అని నేను ఎగిరి గంతేశాను. తాత దాని దవడకు చెవి ఆనించి విన్నాడు. "నెమరు కాదే. నొప్పికి పండ్లు కొరుకుతుంది. ఎడ్లు గూడ గిట్లనే కొరుకుతయి," అన్నాడు మెల్లగా. ఆ రోజు నేను దేవుడితో ఒక్కటే చెప్పాను: పత్తిని బతికిస్తే ఇక జన్మలో శనగలు ముట్టనని. (ముట్టాను. దేవుడు క్షమించాడనే అనుకుంటున్నాను.)

తెల్లవారింది. ఆదివారం. అమ్మా నాయినా ప్రార్థనకు పోయారు. తాతా నేనూ పత్తి దగ్గర మిగిలాం. తాత మళ్లీ వాము నీళ్లు పోశాడు, మళ్లీ కడుపు నిమిరాడు, మళ్లీ గడప దాకా తోలాడు. గడప దగ్గర పత్తి ఆగింది. వెనక కాళ్లు ఒకసారి ఒత్తిపట్టింది. ఒకటి పడింది. తర్వాత రెండు. తర్వాత టపటపా అయిదారు. తాత ఒకదాన్ని ఎత్తి, ఎద్దు పేడను చూసినట్లే వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, నా వైపు తిరిగాడు. ఆయన కళ్లలో నీళ్లు నిలిచాయి.

"కడుపు కదిలింది. బతికిందే బిడ్డ. పో, మీ అమ్మకు చెప్పు."

మిగిలినవి గుప్పిట్లో పట్టుకుని పరుగెత్తాను. మా ప్రార్థన ఇంట్లో పాటలయ్యాక సాక్ష్యాలుండేవి. ఆ వారంలో దేవుడు తమకు చేసిన మేలును ఎవరికి వారు లేచి చెప్పాలి. సరిగ్గా ఆ సమయానికే నేను రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాను. 

"ఏంది బిడ్డ, సాక్ష్యం ఉన్నదా?" అని అయ్యగారు అడిగాడు.

"ఉన్నది అయ్యగారు," అన్నాను. అంతవరకు ఒక్కసారి కూడా నోరు తెరవని దాన్ని, ఆ రోజు నాకే తెలియకుండా గొంతు లేచింది. "నేను మా అమ్మ శనగలు దొంగతనం చేసిన. మూడు పిడికిళ్లు. పత్తికి పెట్టిన. తాతకు అబద్ధం చెప్పిన. అయినా దేవుడు పత్తిని బతికించిండు. ఇగో," అని గుప్పిట విప్పాను.

అయ్యగారు కళ్లద్దాలు సవరించుకుని ముందుకు వంగాడు. "ఏందివి, మిరియాలా?"

"పెంటికలు అయ్యగారు. పత్తివి. ఇప్పుడే ఏసింది."

నా ముఖం కందిపోయింది. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు గట్టిగా "హల్లెలూయ" అన్నది. చూస్తే మా అమ్మ. ఆ తర్వాత మొదలైన నవ్వు ఆగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. అయ్యగారు కూడా పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ముందు చేయి కడుక్కురమ్మని నన్ను పంపి, ఆనక పాట ఎత్తించాడు. ప్రార్థన కాగానే జనమంతా మా ఇంటికే వచ్చారు. పత్తి ముల్లంగి ఆకు నములుతూ కూర్చుని ఉంది, మహారాణిలా. "పోచమ్మ తల్లి సల్లగ చూసింది," అన్నది పెద్దవ్వ. "ప్రార్థన," అన్నాడు నాయిన. "వాము," అన్నాడు తాత. నేను పత్తికి ఇంకో ఆకు అందించాను, విజయం నాదేనని నాకు తెలుసు కాబట్టి.

మర్నాడు సిర్గాపూర్ బండి మళ్లీ వచ్చింది. "కడుపు కదిలింది గని, నెమరెయ్యలే," అని తాత బండిని పంపించేశాడు. వారం తిరిగింది. పత్తి పెరడంతా గంతులేస్తోంది, నెమరు మాత్రం వేయదు. నెలకు తాత గొంగడి వచ్చింది. మరో నెలకు ఆయన మందుల సంచి వచ్చింది. జబ్బు చేసిన ఎడ్లు సిర్గాపూర్‌కు కాక మా వాకిట్లోకే రావడం మొదలయ్యాయి. ఎవరూ నవ్వలేదు. వైద్యుడు రోగిని విడిచి ఎలా పోతాడు? రోజూ పొద్దున తాత పత్తి దవడ చూసి, "ఇయ్యాల గూడ లేదు. ఇంకో రోజు చూద్దాం," అనేవాడు. లోపలి నుంచి అమ్మ, "తొందరేమున్నది నాయిన," అనేది.

కొన్నేళ్లకు నేను పంతులమ్మ చదువుకు పోయాను. అక్కడ ఒక పాఠంలో తెలిసింది, కుందేలు అసలు నెమరు వేసే జాతే కాదని. నెమరుకు కావలసిన కడుపే దానికి లేదట. సెలవులకు ఆ కొత్త విద్యను మూటగట్టుకుని ఇంటికొచ్చాను. వాకిట్లో తాత, ఆయన పక్కన ముసలిదైపోయిన పత్తి, ఇద్దరి ముందూ అమ్మ వేడివేడి రొట్టె పట్టుకుని. "సదువుకున్నదానివి, నువ్వు సూడే. నెమరేస్తుందా?" అని తాత అడిగాడు. నేను వంగి పత్తి దవడను శ్రద్ధగా చూశాను. "ఇంక లేదు తాత," అన్నాను.

ఎంత గొప్ప రహస్యాన్ని కడుపులో దాచుకున్నానో అని చాలా ఏళ్లు గర్వపడ్డాను. ఇప్పుడు నాకు ఆనాటి తాత వయసు దాటింది. పశువుల నోళ్లు చూస్తూ జీవితమంతా గడిపిన మనిషికి, ఏళ్ల తరబడి ఒకే దవడను చూశాక, తెలియకుండా ఉంటుందా? ఆ రోజు మా నాయిన అమ్మ ముఖం చూశాక గాని జవాబెందుకు చెప్పలేదు? ఆ ఇంట్లో అందరికంటే ఆలస్యంగా ఆ సంగతి తెలిసింది, బహుశా, చదువుకున్న నాకే.