మిలిటరీ లారీ బ్రేకు సిలిండరు

నా చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదీ ఒక పాత మిలిటరీ లారీ మీద బతికేవాళ్లం. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక వేలానికి వచ్చిన ఆ లారీని మా తాతయ్య కొని, మైపాడు నుంచి నెల్లూరికి చేపల బుట్టలు తోలేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు దాని బ్రేకు సిలిండరు నిలువునా పగిలింది. అలాంటి లారీల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మద్రాసులో పాత ఇనుప కొట్లన్నీ గాలించినా ఆ సామాను దొరకలేదు. ఎనిమిది నెలలు లారీ కదలలేదు. ఇంట్లో రెండు పూటల వంట ఒక పూటకు వచ్చింది.

చివరికి దొరవారిసత్రం దగ్గర ఒక ఊళ్లో అచ్చం అలాంటి లారీయే బోల్తాపడి, పెరట్లో తుప్పు పడుతోందని ఎవరో చెప్పారు. అమ్మ పురిటికి వెళ్లింది. నన్ను చూసుకునేవాళ్లు లేక తాతయ్య వెంటబెట్టుకుని వెళ్లాడు.

ఆ ఇంట్లో ఒకావిడ, నా ఈడు కూతురు ఉన్నారు. లారీ నడిపింది ఆవిడ భర్త. ఏడాది కిందట కాలువ కట్ట దిగుతుండగా అదుపు తప్పి, వెనక కూర్చున్న ఇద్దరు కూలీలతో పాటు అతనూ పోయాడు. తాగి నడిపాడని ఊరు తేల్చేసింది. అప్పటినుంచి ఆ గడప ఎవరూ తొక్కలేదు. ఆ పిల్ల బావి దగ్గరికి వస్తే మిగతావాళ్లు చేదలు తీసుకుని వెళ్లిపోయేవారట.

తాతయ్య వచ్చిన పని చెప్పగానే ఆవిడ, "ఏం కావాలన్నా ఊడదీసుకోండి పెద్దాయనా. దాన్ని చూస్తా ఉండలేకపోతుండా" అంది.

తాతయ్య లారీ కిందికి దూరి సిలిండరు ఊడదీశాడు. పైకి చెక్కుచెదరలేదు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను అన్ని నెలల్లో చూడలేదు. అరుగు మీద గుడ్డ పరిచి దాన్ని విప్పాడు. లోపలి రబ్బరు ఉబ్బి, చిరిగిపోయి ఉంది. చాలాసేపు దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"అమ్మా, నీ మొగుడు బ్రేకు తొక్కినా బండి నిలిచేది కాదు. ఈ రబ్బరు చినిగిపోయుండాది, చూడు."

ఆవిడ దాన్ని వేలితో తాకింది. "ఆ పొద్దు ఆయన తాగలేదని చెప్తానే ఉండా. ఒక్కరూ వినలా" అంటూ కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

రబ్బరు మద్రాసులో దొరుకుతుంది. దొరకనిది ఆ సిలిండరే. తీసుకెళ్లమని ఆవిడే బతిమాలింది. తాతయ్య రబ్బరును మళ్లీ లోపల పెట్టి, మూటకట్టి ఆమె చేతికిచ్చాడు. "రెండూ నీకాడే ఉండాల. విడదీస్తే ఆ రబ్బరు ఏ బండిదో అంటారు" అన్నాడు.

తర్వాత ఆ తల్లీబిడ్డలతో కలిసి, పోయిన కూలీల ఇళ్లకు నడిచాడు. ఒక ఇంటివాళ్లు మమ్మల్ని చూసి తలుపేసుకున్నారు. రెండో ఇంట్లో, కొడుకును పోగొట్టుకున్న ముసలమ్మ ఆ చిరిగిన రబ్బరును చేతిలోకి తీసుకుని చూసింది. కాసేపటికి లోపలికి వెళ్లి, ఆ పిల్లకు తాగడానికి నీళ్లు తెచ్చి ఇచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, మనకు లారీ అక్కర్లేదా అని ఏడుస్తూ అడిగాను. "కావాల" అన్నాడు తాతయ్య.

అలాంటి సిలిండరు మళ్లీ దొరకలేదు. లారీ తుక్కు కింద పోయింది. తాతయ్య ఉప్పు నిలవచేసే కొటార్లలో బస్తాలు మోసి మోసి రెండేళ్లకే కన్నుమూశాడు. ఆయన మీద నాకు చాలా ఏళ్లు కోపం ఉండేది.

ఇప్పుడు నేను ఆయన వయసు దాటాను. ఎక్కడైనా నలుగురు కూర్చుని పోయినవాళ్ల మీద తప్పు తోసేస్తుంటే, "మీరు చూశారా?" అని అడుగుతాను. మా ఇంట్లోవాళ్లకే విసుగు. అయినా అడగకుండా లేచి రాలేను.