అక్క మెట్లకు బాపు నేసిన తివాచీ

మొన్న మా పక్కింటివాళ్లు మెట్ల మీద తివాచీ వేశామని, ఒకసారి వచ్చి చూసి పొమ్మని పిలిచారు. పొద్దున పార్సిల్లో వచ్చిందట, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఆలుమగలిద్దరూ కలిసి అంటించేశారట. వెనక జిగురు పూసే వస్తుందనీ, కాగితం లాగి అద్దితే సరిపోతుందనీ ఆ అమ్మాయి సంబరంగా చెబుతుంటే, నేను మాత్రం అలవాటు కొద్దీ పక్కన పడి ఉన్న మిగులు ముక్కను తిరగేసి వెనకవైపు చూశాను. నేతగాళ్ల ఇళ్లల్లో పుట్టినవాళ్లం ఏది చేతికిచ్చినా ముందు వెనకవైపే చూస్తాం, ఎందుకంటే ముడి సంగతి అక్కడే తెలుస్తుంది. దీని వెనక రబ్బరు తప్ప ఏమీ లేదు. బాగుందమ్మా అని చెప్పి ఇంటికి వచ్చానే గానీ, ఆ రోజంతా నా మనసు వరంగల్లులో మా అత్తవారింటి మెట్ల దగ్గరే తచ్చాడింది. అక్కడ నా తోటికోడలిని చూసి నేను పడ్డ కుళ్లు అంతా ఇంతా కాదు. ఇన్నేళ్లకు అది చల్లారి ఉంటుందనుకున్నాను, చల్లారలేదు.

మా పుట్టిల్లు అదే వరంగల్లులోని కొత్తవాడ. మా బాపు, అంటే మా నాన్న, తివాచీలు నేసేవాడు. నిలువు మగ్గం ముందు పలక మీద కూర్చుని, రంగు రంగు ఊలు పోగులు ఒక్కొక్కటే ముడి వేసి, పంజా అనే ఇనుప దువ్వెనతో దట్టంగా కొట్టి నేసే తివాచీలు అవి. ఊలు సేటుది, నమూనా సేటుది, నేసిన సరుకూ సేటుదే. అవి ఏ దేశాలకు పోయేవో, ఎవరి ఇళ్లల్లో పరుచుకునేవారో మాకు తెలియదు. మేము మాత్రం గోనెసంచుల మీద కూర్చుని అన్నాలు తినేవాళ్లం. చిన్నప్పుడు నాకు మగ్గం ముందు బాపు పక్కన కూర్చుని ముడి వేయాలని ఎంత ఆశో చెప్పలేను. బాపు రానిచ్చేవాడు కాదు. నీకెందుకీ దుమ్ము, దగ్గు పడతది, బడికి పో అని తరిమేవాడు. అలా తరమగా తరమగానే నేను పదో తరగతి దాకా చదివాను, ఆ చదువు చూసే మంచి సంబంధం వచ్చింది. అయినా ఆ పలక మీద చోటు దొరకలేదన్న కినుక మాత్రం నాతో పాటే అత్తవారింటికి వచ్చింది.

అత్తవారిది బట్టల వ్యాపారం. నా తోటికోడలిని నేను అక్కా అనేదాన్ని. ఆమె పుట్టింటివాళ్లూ మాలాగే నేతవాళ్లే గానీ, వాళ్ల తాతల కాలంలోనే మగ్గం వదిలి హైదరాబాదు చేరి ఉద్యోగాల్లో కుదురుకున్నారు. అందుకే అక్కకు మగ్గం అంటే వింత. మనిషి మంచిది, నవ్వుముఖం, ఏ మాటయినా మొహమాటం లేకుండా అడిగేస్తుంది, అందరూ ఇచ్చేస్తారు. నాకు అది చూస్తేనే ఒళ్లు మండేది. డెబ్బైల నడుమ మా మామగారు ఇంటి మీద అంతస్తు వేయించి పెద్దకొడుకును పైన, మమ్మల్ని కింద ఉండమన్నారు. వాకిలి దాటగానే లోపల నుంచి తిన్నగా పైకి పోయే రాతిమెట్లు కట్టించారు. హైదరాబాదులో ఏదో బంగళాలో మెట్ల నడుమ తివాచీ చూసి వచ్చిన అక్క, మా బాపు పండక్కి ఇంటికి వచ్చినప్పుడు పక్కన కూర్చుని, మా మెట్లకు అట్లాంటిది నేసిస్తవా బాపూ అని అడిగేసింది. బాపు నాకు బాపు. ఆమెకు ఎట్లా బాపు అయ్యాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆయన మాత్రం కాదనకుండా ఒప్పుకున్నాడు.

ఇక చూడండి నా పాట్లు. నమూనాలు ఏరడానికి అక్క నన్ను వెంటబెట్టుకుని మా పుట్టింటికే పోయింది. బాపు అరుగు మీద పాత ముక్కలన్నీ పరిచి చూపించాడు. ఎర్రమట్టి రంగు నేల మీద సన్నటి తీగ అల్లుకున్న ముక్క ఒకటి నాకు చిన్ననాటి నుంచీ ప్రాణం. ఏది తీసుకుందాం చెల్లె అని అక్క అడిగితే, నీ ఇష్టం అక్కా అన్నాను. ఆమె తిరిగి తిరిగి సరిగ్గా దాని మీదే చెయ్యి వేసింది. అంతటితో ఆగిందా, ముడి ఎట్లా వేస్తారో నేర్పమని పలక ఎక్కి కూర్చుంది. బాపు నవ్వుతూ ఆమె వేళ్లకు పోగు చుట్టి చూపించాడు. దుమ్మని గానీ దగ్గని గానీ ఒక్క మాట అనలేదు. నేను మా అమ్మకు సాయం చేసే వంకతో వంటింట్లోకి పోయి, ఉల్లిగడ్డలు కోస్తూ ఆ మంటకు నీళ్లు వచ్చినట్టుగా కళ్లు తుడుచుకున్నాను.

కొలత తీసుకోవడానికి బాపు స్వయంగా వచ్చాడు. పైమెట్టు దగ్గర అక్క సుతిలితాడు కొస పట్టుకుంది, కింద బాపు రెండో కొస పట్టుకుని బిగుతుగా లాగి అక్కడ ముడి వేసుకున్నాడు. సేటు పని చేసుకుంటూనే, ఆ పని అయ్యాక రోజూ కొంచెం కొంచెంగా నేశాడు. నేను పుట్టింటికి పోయినప్పుడల్లా అది మగ్గం మీద ఇంత పెరిగి కనబడేది. దాన్ని చూడకుండా పక్కనుంచి నడిచిపోయేదాన్ని.

పై ఇంట్లో సత్యనారాయణవ్రతం పెట్టుకున్నారు. అక్క పుట్టింటివాళ్లంతా మర్నాడు వస్తారనగా, బాపు ఉతికిన ధోవతి కట్టుకుని, తివాచీని చుట్టగా భుజాన వేసుకుని రిక్షా దిగాడు. ఇత్తడి కడ్డీలు బిగించడానికి వడ్రంగి వచ్చాడు. బాపు తాను నేసిన దాని మీద కాలు పెట్టడు. పక్కన ఖాళీ రాతి మీద నిలబడి వంగి, ఒక్కొక్క మెట్టు మూలలోకి తివాచీని అరచేత్తో అదిమితే వడ్రంగి కడ్డీ వేసేవాడు. తీగ మెట్టు మెట్టుకూ ఎక్కుతుంటే ఎంత అందంగా ఉందో. నేను కింద గడపలో నిలబడి, ఇదంతా ఆమె పాదాల కిందికేనా అనుకుంటూ ఉన్నాను. ఎక్కుతున్న కొద్దీ బాపు చేతిలోని చుట్ట మాత్రం మెట్ల కంటే ముందే సన్నబడిపోయింది. పైన ఇంకా కొన్ని మెట్లు ఉండగానే తివాచీ అయిపోయింది.

సంగతి ఏమిటంటే, తాడును పైనుంచి కిందికి బిగించి లాగితే అది మెట్ల కొసలను తాకుతూ పోతుందే గానీ, ప్రతి మెట్టుకూ దిగి మళ్లీ ఎక్కదు. మా వాడలో అన్నీ పెంకుటిళ్లు, మెట్లున్న ఇల్లే లేదు. జీవితమంతా చదును నేల మీద పరిచేవి నేసిన మనిషికి ఆ ఊహ రాలేదు, మాలో ఎవరికీ రాలేదు. బాపు ఆ అంచు పట్టుకుని, ఇంకాస్త సాగుతుందేమో అన్నట్టు రెండుసార్లు లాగి చూశాడు. నాకు మొదట సంతోషమే కలిగింది, దాచను. ఆ వెంటనే ఆయన ముఖం చూసి, పైకి పోదామని కాలు లేపాను. కానీ నాకంటే ముందే అక్క గబగబా దిగి వచ్చి ఆ బోడిమెట్టు మీద ఆయన పక్కన కూర్చుంది.

"పై మెట్లు ఎవరు చూస్తరు బాపూ, ఎక్కెటోళ్ల కండ్లన్నీ కిందనే ఉంటయి," అంది.

బాపు ముఖం తేరుకుంది. ఆ మాట అనవలసింది నేను. తివాచీ పోతే పోయింది, ఆ మాట కూడా ఆమే తీసుకుపోయింది.

ఆ మధ్యాహ్నం వంటింట్లో బాపుకు నేనే వడ్డించాను. ఇక ఆగలేక అడిగేశాను, నాకు ఒక్క ఆసనమంత ముక్కయినా నేయనివాడివి ఆమెకు ఇంత ఎందుకు నేశావని. బాపు కలిపిన ముద్దను తిరిగి కంచంలో పెట్టాడు.

"ఆమె అడిగింది బిడ్డా. ఇన్నేండ్లల్ల నువ్వొక్కనాడన్న అడిగినవా? ఇప్పుడన్న చెప్పు, ఏం నేయాల్నో."

నాకేం వద్దన్నాను. అప్పుడు అడిగితే ఆమె తరువాత అడిగినదాన్ని అవుతాను కదా. నోరు తెరవకుండానే బిడ్డ మనసు కనిపెట్టి ఇవ్వడం కన్నవాడి పని అని నా పంతం. అది తప్పని ఈనాటికీ నేను ఒప్పుకోను. కొన్నాళ్లకు బాపుకు చూపు మందగించింది, మగ్గం మూలపడింది, ఆ తరువాత ఆయనా పోయాడు.

ఎనభైల్లో మా బావగారు హైదరాబాదుకు మారారు. సామాన్లు లారీకి ఎక్కిస్తున్నప్పుడు తివాచీని కూడా కడ్డీలు విప్పి చుట్ట చుట్టారు. అక్క దాన్ని గడపకు ఆనించి, చాలాసేపు అక్కడే నిలబడింది.

"చెల్లె, నేనేమన్న మరిచిపోతున్ననా?" అంది.

అది విడిచిపెట్టి పో అక్కా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఏం లేదక్కా, అన్నీ ఎక్కినయ్ అన్నాను. ఆమె ఇంకొక్క క్షణం నా వైపు చూసి, దాన్ని లారీలో వేయించింది.

అక్క పోయి కూడా ఏళ్లయింది. ఆ తివాచీ ఏమైందో వాళ్ల పిల్లలకే తెలియదు. కొత్తవాడలో మా బాపు కూర్చున్న ఆ వరుసలో ఇప్పుడు మగ్గం చప్పుడు వినిపించడం లేదు. ఈ రోజుల్లో ఎవరికి ఏది కావాలన్నా ఫోను నొక్కితే గుమ్మం ముందుకు వస్తోంది, ఒకరిని నోరు తెరిచి అడగవలసిన పని లేదు. నాలాంటివాళ్లకు అది హాయిగా ఉండాలి. కానీ ఇప్పుడు నాకు అడగాలనే ఉంది, అడగడానికి బాపు, అక్క ఇద్దరిలో ఒక్కరైనా లేరు.