పలుచన మందు, ఒడినిండా కాయలు

పక్కచేని సువార్తమ్మ ఈ సాయంత్రం ఒడిలో కట్టుకొచ్చిన అలసంద కాయలు మా అరుగు మీద పోసింది. పోయిన వారం నా చేనికి కొట్టగా ట్యాంకులో మిగిలిన పురుగుమందుకు నీళ్లు కలిపి, ఆమె అలసంద సాళ్లకూ కొట్టి వచ్చాను. మా వైపు అదొక మర్యాద. ఈ కాయలు దానికి బదులు.

"పేనుబంక సావల్యా అన్నా, ఇంకా శానా అయ్యిండాది. అంగడోడు నీకు నకిలీ మందు అంటగట్టినాడు. పొద్దున్నే పోయి వాని మొగం మీదే అడుగుతా" అంది.

"ఏమోనమ్మా" అన్నాను.

ఆకుల రసం పీల్చే ఈ పేనుబంక పురుగు గురించి టీ అంగట్లో గంటసేపు చెప్పగలవాణ్ణి. మగతోడు లేకుండానే ఆడపిల్లల్ని కనే జాతి అది. (ఈ మాటకు మా ఆవిడ "అదృష్టవంతులు" అంటుంది.) పలుచన మందుకు బలహీనమైనవి చస్తాయి, తట్టుకునే జన్యువున్నవి మిగులుతాయి, వాటి కూతుళ్లందరికీ అదే జన్యువు వస్తుంది. ఆమెకున్న ఒక్క చేనులో మొండి పురుగును ఏరి పెంచింది నేనే. పాపం, అంగడతను మంచి మందే ఇచ్చాడు.

రేపు ఆమె అంగడికి బయలుదేరకముందే నేను వాళ్లింటికి పోవాలి. కాయలైనా తిరిగిచ్చేద్దామంటే మా ఆవిడ అప్పుడే తాలింపు వేసేసింది. మీరైతే మొదటి మాట ఏమని మొదలుపెడతారు?