జాన్ సాహెబ్ ఎర్రజెండా

మా నాన్న జాన్ సాహెబ్ ఆఖరిగా చేసిన పని, పక్కింటి అంకమ్మత్త కోడి తన పిల్లలతో వీధి దాటేదాకా ఒక ఆటోని ఆపటం. భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి, చెయ్యి నిటారుగా చాచి వీధి మధ్యలో నిలబడ్డాడు.

“ఏంది పెద్దాయనా, కోడికి కూడా బ్లాస్టింగేనా?” అన్నాడు ఆటో అతను.

“ఒరేయ్, ఆగమంటే ఆగటమే. కారణం తర్వాత చెప్తా.”

కోడి దాటింది. కారణం చెప్పకుండానే నాన్న లోపలికొచ్చి, టీ తాగి, మంచం మీద వాలాడు. మళ్ళీ లేవలేదు.

మనుషుల్ని ఆపటమే ఆయన ఉద్యోగం. నడికుడి అవతల సున్నపురాయి క్వారీలో మందు పేల్చే ముందు ఎర్రజెండా పట్టుకుని బాటకి అడ్డంగా నిలబడేవాడు. పెళ్ళి జీపుల్ని ఆపాడు, గొర్రెల మందల్ని ఆపాడు, ఒకసారి ఓట్లడగటానికొచ్చిన పెద్దమనిషినీ ఆపాడు. ఆ పెద్దమనిషి ఎండలో నిలబడి వాచీ చూసుకుంటుంటే నాన్న, “గెలిచాక మీరు మమ్మల్ని ఎట్టాగూ నిలబెడతారు, ఈ కాసేపు మమ్మల్ని నిలబెట్టనీయండి” అన్నాడట.

నాన్న చేరినప్పుడు క్వారీ తిరునాళ్ళలా ఉండేదట. సమ్మెట కొట్టేవాళ్ళు, గంపలు మోసేవాళ్ళు, లారీలకెత్తేవాళ్ళు. తర్వాత పొక్లెయిన్లు వచ్చాయి, పెద్ద టిప్పర్లు వచ్చాయి. మిషన్ వచ్చినప్పుడల్లా కొబ్బరికాయ కొట్టి, లడ్డూలు పంచి, ఆ తర్వాత వారం కొంతమందిని ఇంటికి పంపేవాళ్ళు. “క్వారీలో లడ్డూ ఇచ్చారంటే ఎవరికో కూడు పోయినట్టే” అనేవాడు నాన్న. రాయి ఎక్కువగా బయటికొచ్చేది, మనుషులు అంతకంటే ఎక్కువగా బయటికొచ్చేవాళ్ళు. మిషన్లు నడిపే కుర్రాళ్ళ జీతాలు మాత్రం పెరిగాయి. సమ్మెటతో బండలు పగలగొట్టిన యల్లమంద బాబాయి అదే క్వారీ గేటు దగ్గర, కాంట్రాక్టరు కింద, సగం జీతానికి కాపలాదారుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

నేను నరసరావుపేటలో ఉంటాను, కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ఒకసారి ఇంటికెళ్ళినప్పుడు నాన్నకి పేపరు చదివి వినిపించాను. దేశంలో గనుల ఉత్పత్తి పెరుగుతోందట, పర్మినెంటు పనివాళ్ళు తగ్గుతున్నారట.

“ఆ తగ్గినోళ్ళలో నన్ను కలిపారా?” అన్నాడు.

“ఇంకా లేదు నాన్నా.”

“అయితే అది పాత పేపరు. మాకు సైరన్ వచ్చింది. లడ్డూలు కూడా ఇచ్చారు.”

జేబులోంచి లడ్డూ తీసి చూపించాడు. తినలేదు.

కొత్త మేనేజరు ఆఫీసు కప్పు మీద సైరన్ పెట్టించాడు. అది మోగితే చాలు, జనం వాళ్ళంతట వాళ్ళే తప్పుకుంటారు, ఇక జెండా మనిషి ఎందుకని ఆయన వాదన. రిటైర్మెంటుకి నాన్నకి ఇంకా రెండేళ్ళుంది. యల్లమంద బాబాయి పక్కన ఇంకో కుర్చీ వేస్తామన్నారు.

ట్రయల్ రోజు నాన్న ఏమైపోతాడోనని నేను నరసరావుపేట నుంచి నేరుగా క్వారీకే వెళ్ళాను. ఆ రోజు మందు కూరలేదు, ఉత్త సైరనే. పొద్దున పదింటికి మేనేజరు స్విచ్చి నొక్కాడు. ముందు కుక్కలు అందుకున్నాయి. తర్వాత ఊరి వైపు నుంచి ఆడవాళ్ళు బారుగా వస్తూ కనబడ్డారు. అందరి చేతుల్లో క్యారేజీలు. అందరికంటే ముందు మా అమ్మ రబియా.

మా ఊళ్ళో సైరన్ అంటే అన్నం. మధ్యాహ్నం సిమెంటు ఫ్యాక్టరీ సైరన్ వినగానే క్యారేజీ పట్టుకుని క్వారీకి బయల్దేరటం ఏళ్ళ తరబడి అలవాటు.

మేనేజరు ఎదురు పరిగెత్తాడు. “అమ్మా, ఇది మోగితే దూరంగా పోవాలి!”

“దూరం పోతే మా ఆయనకి కూడెవరు పెడతారు? నువ్వు పెడతావా?” అంది అమ్మ.

“అసలు ఇయ్యాల ఇంత తొందరగా మోగించిందెవరు?” అని వెనక నుంచి ప్రేమమ్మ పెద్దమ్మ గద్దించింది.

అప్పుడు నాన్న నింపాదిగా జెండా విప్పాడు. “ఆగండే!”

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. ప్రేమమ్మ పెద్దమ్మయితే ఎత్తిన కాలు దించకుండా ఆగింది.

మేనేజరు నుదురు తుడుచుకున్నాడు. మంచివాడే, ఓటమి ఒప్పుకున్నాడు. “ఎటూ తెచ్చారుగా, ఏం కూరమ్మా?” అంటూ అమ్మ క్యారేజీ మీద చెయ్యి వేయబోయాడు.

నాన్న గభాల్న లాక్కున్నాడు. “గోంగూర సార్. మూత తీయమాకండి, దుమ్ము పడుద్ది.”

“వాసన కూడా రావట్లేదే?”

“మా ఆవిడ మూత అంత గట్టిగా పెడుద్ది సార్.”

సైరనూ ఉంటుంది, జాన్ సాహెబూ ఉంటాడని తేల్చారు. ఆ సాయంత్రం నాన్న, చీమలు తినగా మిగిలిన లడ్డూ తిన్నాడు. రెండేళ్ళ తర్వాత పర్మినెంటు మనిషిగానే రిటైరయ్యాడు. ఈ సంగతి నేను క్లాసులో చానాసార్లు చెప్పాను. జనం అలవాటు ముందు యంత్రం ఎలా ఓడిపోతుందో చూడండని, బోర్డు మీద బొమ్మ కూడా వేసి మరీ చెప్పాను.

నాన్న పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకి యల్లమంద బాబాయి వచ్చి మళ్ళీ ఆ సంగతే ఎత్తాడు. నేను నా బోర్డు పాఠం అందుకోగానే, అన్ని రోజుల తర్వాత మొదటిసారి అమ్మ నవ్వింది.

“అలవాటేందిరా? ముందురోజు మీ నాన్న ఇంటింటికీ తిరిగి చెప్పొచ్చాడు. పొద్దున పదింటికి అన్నం ఎవరు వండుతారు? ఆ క్యారేజీలన్నీ ఖాళీవే.”