బానెట్ మీది బొట్టు

మా పైఅంతస్తు అంకుల్ కోవిడ్‌తో పోయారని జర్మనీలో మా వోల్ఫ్స్‌బర్గ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టాను. వరసగా ‘ఓం శాంతి’లు వచ్చాయి. వాటి కిందే ఒకడు అడిగాడు: “ఆంటీ ఆ మజిల్ కారు అమ్ముతారా?” అప్పటికి అంత్యక్రియలకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, కూడా దొరకలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మాలో ఎవరు పాత కారు కొన్నా అంకుల్ వెంట రావాల్సిందే. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టేవారు. వెచ్చగా ఉంటే వెనక్కి తిరిగేవారు. “చల్లటి ఇంజినే నిజం చెప్తది. మనం రాకముందే వేడి చేసిండంటే ఏందో దాస్తుండు” అనేవారు. ఆ మెసేజ్ పెట్టిన మహానుభావుడి మొదటి కారు కోసం కూడా వానలో తడుస్తూ ఊళ్లు తిరిగారు. కాఫీకి మించి ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోలేదు.

ఆయన సొంతది అరవైల నాటి అమెరికన్ మజిల్ కారు. తెల్లరంగు, పొడుగాటి బానెట్, గ్యారేజీ గోడలు అదిరే ఇంజిన్. ప్రతి దసరాకీ పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవారు. ఆ బొట్టు మళ్లీ దసరా దాకా తుడవనిచ్చేవారు కాదు.

ఆయన అంత్యక్రియలకు రూల్సని కొద్దిమందినే రానిచ్చారు. కారు బేరానికి ఏ రూలూ అడ్డం రాలేదు. వారం తిరక్కుండా ఆ మెసేజ్ పెట్టినతను దిగాడు. ఆంటీ అద్దె గ్యారేజీ ఖాళీ చెయ్యాలి, కారు అమ్మక తప్పదు. అప్పటికే ధర కట్టే జర్మన్ నిపుణుడొకాయన వచ్చి, ఇంజిన్ దగ్గర్నుంచి అన్నీ ఒరిజినల్ పార్టులేనని చూసి మంచి ధరే రాసిచ్చాడు. అతను ఆ కాగితం పక్కన పడేసి, బానెట్ మీది బొట్టును గోటితో గీకాడు.

“కుంకుమతో పెయింట్ పాడైపోయింది ఆంటీ. మొత్తం రీపెయింట్ చేయించాలి. సగానికైతే తీసుకుంటా.”

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని వినడమే గానీ ఎదురుగా చూడ్డం అదే మొదటిసారి. నేను నోరు తెరిచేలోపే ఆంటీ అన్నారు: “బిడ్డా, నీ మొదటి బండికి గూడ ఆయనే బొట్టు పెట్టిండు. గప్పుడు పెయింట్ యాదికి రాలేదా? పో. నీకైతే ఇయ్యను.”

కొనేవాళ్లు దొరికేదాకా ఆ కారు మా గ్యారేజీలో ఉంటుంది. నా కారు వానలో తడుస్తోంది, తడవనీ. శనివారాలు ఆంటీ కిందికి దిగుతారు. బానెట్ మీద అరచెయ్యి పెట్టి, చల్లగా ఉందని చూసుకుని తాళం తిప్పుతారు. ఆమె చేతి పక్కనే ఆ బొట్టు, దాని మధ్యలో అతని గోటి గీత. ఆ గీతలోంచి పెయింట్ చెక్కుచెదరకుండా తెల్లగా కనిపిస్తోంది.