హంగరీ బృందానికి తాళం నేర్పిన మాస్టారు

మా వయొలిన్ మాస్టారు పోయారని ఆదివారం పొద్దున వాళ్ళావిడ తలుపు కొట్టి చెప్పారు. షార్జా అల్ నహ్దాలో మా పక్క ఫ్లాటే వాళ్ళది. "నిద్దట్లోనే వెళ్ళిపోయారమ్మా" అన్నారు. ఇద్దరం గుమ్మంలోనే నిలబడి ఏడ్చాం. అయినా ఆయన గురించి ఏడుపుగొట్టు రాతలు రాయడం నావల్ల కాదు. ఆయన గెలిచి వెళ్ళిన మనిషి.

మాస్టారికి పగలు గోదాములో ఉద్యోగం, సాయంత్రం ఇంట్లో పాఠాలు. నేను నలభై దాటాక నేర్చుకుంటానని వెళితే నవ్వకుండా చేర్చుకున్నారు. తప్పు వాయిస్తే తిట్టేవారు కాదు. "నీకు వినబడిందా?" అని మెల్లగా అడిగేవారు. అంతకంటే నాలుగు తిట్లు తిట్టినా బావుండేది. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, ఈ దేశంలో ఒక పెద్ద వేదికెక్కి వాయించాలని.

కరోనా ఆంక్షలు ఎత్తేశాక హంగరీ నుంచి ఒక బృందం దుబాయ్ వచ్చింది. వయొలిన్లు, పెద్ద వయొలిన్ లాంటి చెల్లో, వాటి పక్కనే ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్స్. వాళ్ళ శాస్త్రీయ సంగీతాన్ని రాక్‌తో కలిపి వాయిస్తారు. ఒక పాటలో మన వయొలిన్ కావాలని మాస్టారిని పిలిచారు. కారు నాది, ఇంగ్లీషూ నాదే.

రిహార్సల్లో వాళ్ళ ఏడు దెబ్బల లయ వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "మన మిశ్రచాపే కదమ్మా ఇది" అంటూ తొడ మీద తాళం వేశారు. చిక్కంతా పాట ముగించే ముక్తాయింపు దగ్గరొచ్చింది. మన పద్ధతిలో దాన్ని మూడుసార్లు వాయించి, మూడోసారి చివర అందరూ కలిసి ఒకే దెబ్బ మీద దిగాలి. సంగీతం వచ్చినవాళ్ళకు అది వేరే చెప్పాలా అనుకున్నారు మాస్టారు. ఆయన ఒకసారి వాయించగానే అయిపోయిందనుకుని వాళ్ళంతా దడదడమంటూ అందుకున్నారు. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అదే గోల.

నిర్వాహకుడు హైదరాబాదు మనిషి. "ఖలాస్ మాస్టర్ సాబ్, టైం లేదు. మీ పార్టు తీసేస్తున్నాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మాస్టారు మాత్రం విల్లు పక్కన పెట్టి, "అమ్మాయ్, వాళ్ళని ఒక్క నిమిషం చేతులతో తాళం వెయ్యమను" అన్నారు. 'తకిట తకధిమి' అని ఆయన చెబుతుంటే వాళ్ళు చప్పట్లు కొట్టారు. "మొదటి రెండూ నావి, మూడోది మనందరిదీ అని చెప్పు" అన్నారు. చెప్పాను. బృందాన్ని నడిపే చెల్లో ఆవిడకు విషయం అర్థమై నవ్వేసింది. నిర్వాహకుడి వైపు తిరిగి, "ఈయన లేకుండా ఈ పాట లేదు" అంది.

కచేరీలో మాస్టారు వేదిక నడుమ బల్ల మీద పంచెకట్టుతో కూర్చున్నారు. ముక్తాయింపు మొదటిసారి వాయించారు. ఎవరూ కదల్లేదు. రెండోసారీ కదల్లేదు. మూడోసారి చివర అంతమందీ ఒక్క దెబ్బగా దిగారు. హాలంతా లేచి నిలబడింది.

నమస్కారం చేయడానికి హంగరీవాళ్ళు వరసగా నిలుచున్నారు. మాస్టారికి కాళ్ళు పట్టేసి లేవలేకపోయారు. అది చూసి చెల్లో ఆవిడ ఆయన పక్కన కింద కూర్చుంది. ఆ వెనకే డ్రమ్మరూ, గిటారు కుర్రాడూ, అందరూ కూర్చున్నారు. వాళ్ళ మధ్య మా మాస్టారు విల్లు పైకెత్తి పట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు.