శనగగింజంత ఇత్తడి ముక్క

మొన్న ఫిల్మ్‌నగర్‌లో ఒక మెకానిక్ షెడ్డు ముందు నిలబడితే మురిగిన పెట్రోలు పుల్లటి వాసన గుప్పుమంది. నాకు తొమ్మిదేళ్లున్నప్పటి ఆదివారం ఒకటి గుర్తొచ్చింది.

అమ్మ పోయాక మూడేళ్లు, ఆమె నడిపిన పాత కారు జూబ్లీ హిల్స్‌లో మా అద్దింటి షెడ్డులో పట్టా కిందే ఉండిపోయింది. ఆ రోజు నాన్న మెకానిక్ యాదగిరిని పిలిపించారు. అతను ట్యాంకులోని జిగురు పెట్రోలు తోడేసి, కార్బొరేటర్ విప్పి, ముక్కలన్నీ పళ్లెంలో వేసి కడుగుతున్నాడు.

"జర సాఫ్ చేస్తే షూటింగ్‌కు పోతది సార్," అన్నాడు.

షూటింగ్ అంటే కార్లు పేల్చేయడమేనని నా నమ్మకం. ఆ వేసవిలోనే ఒకదాన్ని పేల్చుతుంటే గోడెక్కి చూశాను. పళ్లెంలోంచి, పెట్రోలు పారే సన్న బెజ్జమున్న శనగగింజంత ఇత్తడి జెట్ తీసి జేబులో వేసుకున్నాను.

చీకటి పడేదాకా ఇద్దరూ నేలంతా తడిమి వెతికారు.

"జెట్ లేకుంటే బండి స్టార్ట్ గాదు సార్. గిప్పుడు యాడా దొరకది."

కదలని కారుకు ఇక షెడ్డు ఇవ్వనన్నాడు ఇంటి ఓనరు. నెల తిరక్కుండా పాత ఇనుము వాళ్లు వచ్చి తాళ్లు కట్టి లాక్కెళ్లారు.

"షూటింగులకి అద్దెకిస్తూ మన దగ్గరే ఉంచుకుందామనుకున్నాన్రా, అమ్మ కారు," అన్నారు నాన్న.

నేను జేబులోంచి చెయ్యి తీయలేదు. నాన్న బతికున్నన్నాళ్లూ చెప్పలేదు.